తేలని గడి

అక్టోబరు చివరి శుక్రవారం, నాలుగున్నర.
సుపీరియర్ సరస్సు మీదనుంచి పొగమంచు
మా కిటికీ దాకా వచ్చి
లోపలికి రానా అన్నట్టు ఆగి
మానుకుంది.
డలూత్‌లో ఈ కాలేజీ ఆఫీసుకి హీటరంటే దగ్గే.
ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. మూడోసారి.

ఎయినో రౌతియో. రెండో సంవత్సరం.
ముక్కు మీద చలి ఎరుపు, చేతిలో నలిగిన ఫారం.
పేరు నింపాడు, పుట్టిన తేదీ నింపాడు,
ప్రమాదం జరిగితే ఎవర్ని పిలవాలో ఆ నంబరూ నింపాడు.
మేజరు అన్న గడిలో మాత్రం
పెన్ను మోపి, తీసి, మోపి, తీసిన చుక్కలు.
మొదటి మంచు మీద దిగిన పిట్ట
మనసు మార్చుకుని ఎగిరిపోయినట్టు.

"ఇంకా తేల్చుకోలేదండీ."

ఈ కుర్చీలో ఇరవై ఆరేళ్లు నేను.
ఆ మాట అంటూ నా కళ్లలోకి చూసినవాళ్లు లేరు.
బాకీ వాయిదా అడగడానికి వచ్చినట్టు
నేలకేసి చూస్తారు.

లెక్కలు బాగా వస్తాయట, భయమంతా అదేనట.
బాగా వచ్చిన దాన్ని వదులుకుంటే పాపమంటుందట వాళ్లమ్మ.
నర్సింగైతే ఉద్యోగం ఖాయమన్నాడట
గదిలో ఉండే టోబియాస్;
రక్తం చూస్తే నీకేం కాదుగా అని కూడా అడిగాడట.
చూడలేదు, ఇంకా.
చరిత్ర క్లాసులో నిద్రపోయాడు,
అప్పుడొచ్చిన కల మాత్రం ఇప్పటికీ గుర్తుంది.
భూగర్భశాస్త్రంలో రాళ్లు నాకి చూడమన్నారు.
నాలుకకి అతుక్కుంటే అందులో బంకమన్నున్నట్టు,
అతుక్కోకపోతే లేనట్టు.
ఒక సంగతి అంత తొందరగా తెలిసిపోవడం
తన బతుకులో అదే మొదలట.

వాళ్ల తాత ఆర్వో ఓడరేవు వంతెన మీద పనిచేశాడు.
ఓడ కూత వేస్తే వంతెన లేపాలి, ఓడ వెళ్లాక దింపాలి.
అటు వెళ్లాల్సిన కార్లు, ఇటు రావాల్సిన కార్లు
ఇంజన్లు ఆపుకుని విసుక్కుంటుంటే
తాత పై గదిలో కాఫీ చల్లార్చుకునేవాడు.
"నువ్వెటు వెళ్దామనుకున్నావు తాతా, చిన్నప్పుడు?"
"అడిగినవాళ్లెవరు? నేను పైకి పోయాను."

నేను అకౌంటింగ్ ఎందుకు చదివానో చెప్పాను.
ఆ రోజు వాన. అన్ని వరసల్లో
అదొక్కటే చూరు కింద ఉంది.
నవ్వుతాడనుకున్నాను.
"వరస పొడుగ్గా ఉందా?" అన్నాడు.

తేల్చుకోవడం. ఆ మాటలోనే నీళ్లున్నాయి.
దేన్నైనా తేల్చాలంటే ముందు దాన్ని నీళ్లలో వెయ్యాలి.
ఒడ్డున నించుని చేత్తో బరువు చూసి చెప్పేవాళ్ల మాట
నేను నమ్మను.
ఇనుము మునుగుతుంది, నిజమే.
ఇనుప రాయి నింపుకున్న వెయ్యడుగుల ఇనుప ఓడ
మా ఊరి ముందునుంచి రోజూ తేలుతూ పోతుంది.

ఇదంతా అతనితో అనలేదు.
ఐదింటికి కంప్యూటరు మూసుకుంటుందని మాత్రం అన్నాను.

దాంట్లో ప్రతి మేజరుకీ ఒక అంకె ఉంది.
తేల్చుకోనివాళ్లకీ ఉంది: సున్నా సున్నా సున్నా.
ఎప్పుడో ఏ గుమస్తాయో
ఖాళీని ఖాళీగా వదలడానికి చెయ్యాడక పెట్టి ఉంటాడు.
రెండో ఏడు శరత్కాలం దాటితే ఆ అంకె చెల్లదు.

నాలుగూ యాభై రెండు.
పెన్నే వాడాలని నిబంధన. పెన్సిలిచ్చాను.
మార్చుకోవాలంటే పదిహేను డాలర్లు, ఒక పిజ్జా ఖరీదు,
అది కూడా చెప్పాను.
రాశాడు. అక్షరం తప్పుపోయింది. చెరిపాడు.
రబ్బరు పొట్టు ఊదేసి మళ్లీ రాశాడు.
ఈసారి చెయ్యి ఆగలేదు,
ధైర్యమో, ఆకలో.

ఎక్కడో ఓడ కూసింది.
తలెత్తి విన్నాడు, థాంక్స్ చెప్పడం మరిచి
టోపీ లాక్కుంటూ వెళ్లిపోయాడు.
పెన్సిలు కూడా పట్టుకుపోయాడు.

బల్ల మీద, జేబులోంచి ఎప్పుడు తీశాడో,
బూడిదరంగు రాయి, రేగిపండంత.
తలుపు గడియ పెట్టి, అటూ ఇటూ చూసి,
నాలుక ఆనించాను.

ఉప్పగా ఉంది.
ఆ కుర్రాడి జేబుది కావచ్చు, ఆ రుచి.