రాయి సంగతి మాకు తెలుసు

అయ్యగారూ,
రాయి దొర్లిందని మీరు ఒక్క మాటలో చెప్పి
ముందుకు పోతారు.
మేము అట్ల పోలేము.
ఎర్రగుంట్ల గనుల్లో పుట్టి పెరిగినోళ్ళం,
రాయి కదలాలంటే ఏం కావాల్నో మాకు తెలుసు:
నాలుగు గడ్డపారలు, ఎనిమిది భుజాలు,
అందరికీ కలిపి ఒక కేక,
అడుగున ఎవరి కాలూ లేదని చూసే ఒక కన్ను.

ఆ ఆడోళ్ళు
సుగంధాల మూట చంకన పెట్టుకోని
చీకట్లో నడుస్తా నడుస్తా
ఆ రాయిని మనకెవురు జరుపుతారని
ఒకరినొకరు అడుక్కున్నారంట.
జవాబు తెలీదు వాళ్ళకు.
అయినా నడిచినారు.
ఆ సంగతి మీరెప్పుడూ చెప్పలే.

నా మొగుడు ఏసోబు ముప్పై రెండేండ్లు బండ కోసినాడు.
మీరు నిలబడి వాక్యం చెప్పే నల్లబండ ఆయన చేతిదే,
మూలకు చూడండి, ఉలి జారిన గీత ఉంటాది.
కోసిన బండలన్నీ లారీలెక్కి బెంగుళూరు పోయినాయి.
దుమ్ము మాత్రం యాడికీ పోలే,
ఆయన రొమ్ములోనే కాపరం పెట్టింది.
కడప రిమ్సులో డాక్టరమ్మ
ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తిపట్టి
"లోపలంతా రాయి అయిపోయిందమ్మా" అనింది.
దాన్నెవురు దొర్లిస్తారని అడగబోయి
గమ్మునున్నా.

పరిహారం అడిగితే
సాక్ష్యానికి దస్తగిరిని పిలిచినారు.
గోడవతల దస్తగిరి, మా సంగటి తిన్నోడు,
ఒకే రంపం ముందర ఒకే దుమ్ము మింగినోడు.
తల దించుకోని చెప్పినాడు,
"అది బీడీల దగ్గు సార్."
ఏసోబు జన్మలో బీడీ ముట్టలే.
మరుసటి నెల దస్తగిరి కొడుక్కు
టిప్పరు తోలే పని దొరికింది.

శ్రమదినాల్లో నాలుగో బుధవారం ఆయన పోయినాడు.
సిలిండరులో సగం మిగిలింది.
మనిషి అయిపోయినాడు, గాలి అయిపోలే.
వాపసిస్తే అడ్వాన్సు మూడు వేలు చేతికొస్తాది,
కెజియా ఫీజుకు సరిపోతాది.
దుప్పటి కప్పి మంచం కింద పెట్టినా.

ఈస్టరు ముందు రాత్రి
గోడవతల దగ్గు.
నాకు తెలుసు ఆ దగ్గు,
పదేండ్లు దాని పక్కన పండుకున్నా.
ముందు పొడిగా, తర్వాత ఈలలాగ,
తర్వాత ఏమీ వినపడని
ఆ కొంచేపు.
బీడీల దగ్గు కాదది.

అబద్ధం చెప్పను, దేవుని మందిరం ఇది.
మొదట నాకు సంతోషమే అయింది.
దగ్గు, దగ్గు అనుకున్నా.
మాబున్ని అరుపు విన్నాక గూడా
లేయలే.
ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే
మోకాళ్ళ కింద బండ చల్లగా తగిలింది.
ఏసోబు పరిచిన బండ.
నోట్లోకి ఒక్క మాట రాలే.
లేచినా. అంతే.

ఎత్తి మోసేంత బలం యాడిది?
మీటరు విప్పి కొంగున కట్టుకోని
సిలిండరును పండబెట్టి దొర్లించినా.
వాకిలి దాటంగానే గుంతలో పడి కూర్చునింది.
ఒక పక్క కెజియా, ఒక పక్క సుగుణమ్మత్త,
ఎదురొచ్చి మాబున్ని చెయ్యేసింది.
బండలు పరిచిన సందులో ఇనుము పోతావుంటే
ఆ మోతకు వీధి వీధంతా లేసింది.
కుక్కలు మొరిగినాయి.
ఎవురో తిట్టినారు.

గొట్టం ముక్కుకు పెట్టినాక
దస్తగిరి కండ్లు తెరిసి నన్ను చూసినాడు.
ఏమీ అన్లే. నేనూ అన్లే.
క్షమించినావా అని అడగొద్దండి,
నాకింకా తెలీదు.
ఊపిరి లోపలికి పోయింది,
అది మాత్రం చూసినా.

సమాధుల తోటలో మీరు కొవ్వొత్తులు వెలిగించే యాళకు
నేను రాలేకపోయినా.
ఏసోబు మీద పూలు పెట్టింది కెజియానే.
ఎందుకు రాలేదని అడిగినారంట,
ఆ మాట చెప్పుకుందామనే వొచ్చినా.

వచ్చే ఏడు ఆ రాయి కాడికి వచ్చినప్పుడు
రొంత ఆగండి అయ్యగారూ.
మోత గురించి చెప్పండి.
రాయి ఎప్పుడూ
గమ్మున దొర్లదు.