ఉప్పు చుక్క

మా బడికి ఒక్కటే మైక్రోస్కోప్.
ఎనిమిదో తరగతిల నలభై ముగ్గురం.
కిటికి కాడి బల్ల మీద పెట్టి
కింది అద్దాన్ని ఎండకు తిప్పేటోడు ఓదెలు సారు.
మబ్బు అడ్డమొస్తే పాఠం ఆగేది.

ఉల్లిగడ్డ వంటింట్లకెల్లి వచ్చింది.
"ఒక్కటే ఇస్త, పప్పుల తక్కువైతయి" అని
కొంరవ్వ లెక్కవెట్టి ఇచ్చింది.
సారు దాన్ని నాలుగు చెక్కలు చేసి
లోపలి పొర గిల్లి తీసిండు,
తడిసిన బీడీ కట్ట కాయితమంత పల్చగ.
ఎర్ర రంగు ఒక చుక్క.
పైన గాజుబిళ్ల, వాల్చి, మెల్లగ,
గాలి బుగ్గ చిక్కకుంట.

చిక్కింది.
ముందుగాల చూసినోళ్లంత
నల్లంచు గుండ్రాన్ని చూసి
"కణం సార్, కణం" అని ఎగిరిండ్రు.
అది ఒట్టి గాలి అన్నడు సారు.
నా వంతుకు పొడుగ్గ ఒక నల్లపుల్ల అగుపడ్డది.
అది నా కనురెప్ప వెంట్రుక.

"కన్ను జర దూరం పెట్టు. రెండోది మూయకు."
మర ఇంత తిప్పిండు.

అప్పుడు తేలినయి,
వరసలు వరసలు అరలు.
మా నాయిన నేసే జంపఖానలకెల్లి
ఎవరో దారాలన్ని గుంజేసి
సందులు మాత్రం ఉంచినట్టు.

"అర అంటే కణం. చుట్టూ గోడ.
గోడనానుకొని లోపట పొర,
ఏది రావాల్నో ఏది పోవాల్నో చూసేది అదే.
బువ్వను బలం చేసేటివి ఇంకా చిన్నయి,
ఈ అద్దానికి ఆనవు, ఉన్నయని నమ్మాలె.
ఆ ఎర్ర చుక్క కేంద్రకం, ఇంటి పెద్ద."

"పెద్దయితే మూలకెందుకున్నడు సార్?"
అడిగింది నేనే. క్లాసంత నవ్వింది.
సారు నవ్వలే.
"నడుమ జాగంత నీళ్ల సంచిది. రిక్తిక.
అది నిండుగుంటేనే అర నిలవడ్తది.
తక్కినోళ్లంత గోడ పొంటి సర్దుకోవాలె."

సారు అర అన్నడు,
నాకు అర్ర అని వినవడ్డది.
కొత్తవాడల మాది ఒక్క అర్ర.
నడుమ గుంట మగ్గం.
నాయిన కాళ్లు గుంటల,
అమ్మ కండెలు చుట్టేది గడప మీద,
పొయ్యి మూలకు, బియ్యం డబ్బ పొయ్యి పక్కకు,
నేను, తమ్ముడు గోడ పొంటి.
ఒత్తిగిలితే మగ్గం కర్ర తగిలేది.

రెండో రోజు పై ఎర్రపొర, రంగు వేయకుంట.
నీళ్ల సంచులల్లనే ఉంది వంకాయ రంగు,
అర అరకు నిండుగ.
సారు కొంరవ్వ దగ్గర ఉప్పు తెప్పిచ్చిండు.
గాజుబిళ్ల అంచుకు ఉప్పునీళ్లు ఒక చుక్క,
అవుతలి అంచుకు నీళ్లు పీల్చే కాయితం.
"చూస్తనే ఉండు."

గోడలు కదల్లే.
లోపటి వంకాయ రంగు
ముందు మూలలు విడిచింది,
తర్వాత గోడను విడిచింది,
నడుమకు ముడుచుకొని
చిన్న ముద్దయింది.
గోడకు దానికి మధ్యల ఒట్టి తెల్ల జాగ.

ఆ ముందటి నెలనే మా మగ్గం అమ్మినం.
కర్రలు విప్పి ట్రాలీల వేసుకపోయిండ్రు.
గుంట పూడ్చి అలికింది అమ్మ.
అర్ర ఎంత పెద్దగైందంటే
మాట్లాడితే మోగేది.
ఇగ నిమ్మళంగ కాళ్లు చాపుకోవచ్చన్నరు వాడకట్టోళ్లు.
ఆ రాత్రి నలుగురం
గోడలకు దూరంగ, పూడ్చిన గుంట మీద
ఒక్కకాడ ముడుచుకొని పండుకున్నం.
నాయిన కాళ్లు మాత్రం
నిద్రల తొక్కుతనే ఉన్నయి.

నేను కన్ను తియ్యలే.
వెనక లైను గునుస్తున్నది.
"అయిపోలే," అన్నడు సారు,
"ఇప్పుడు మంచినీళ్లు వేస్త.
పాణమున్న కణమైతే నిండి మళ్ల గోడకు ఆనుతది.
సచ్చింది నిండదు."

వేసిండు.
ఒక ముద్ద అంచు జర ఉబ్బినట్టే ఉండె,
అంతల మబ్బు వచ్చింది.
అద్దం నల్లవడ్డది.
గంట కొట్టిండ్రు.

నా వెనక రుబీనా ఒక్కతే
ఎండ వచ్చేదాంక నిలవడి చూసిందట.
అన్నం లైన్ల పక్కకు వచ్చి చెప్పింది,
"కొన్ని నిండినయే."
ఏ దిక్కువి అని అడిగిన.
"అంచుకున్నయి" అన్నది,
వేళ్లకంటిన పప్పు నాకుకుంట.