చివరి గడి

తెల్లారి నాలుగింటికి జగదాంబ జంక్షన్‌లో
సముద్రం హోరు వినబడనంత జనం.
నా సంచి నిండా పేలికలు.
పూర్ణా మార్కెట్ వెనక సందులో
పదకొండేళ్లుగా నా మిషను కింద రాలినవి,
పెళ్లి జాకెట్లవి, స్కూలు యూనిఫారాలవి,
ఒక నావికుడి తెల్ల చొక్కాది కూడా.
అందరూ కాగితాలు ఎగరేస్తారు.
చాపరెక్కకి కాగితమేంటి అనుకున్నాను.
వాడు గుడ్డ మనిషి.

వాణ్ణి మొదట చూసింది డాబాగార్డెన్స్ ఫుట్‌పాత్ మీద,
అట్ట ఊడిన పిల్లల వారపత్రికలో, వెనక పేజీ బొమ్మల కథ.
పడవ విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కుర్రాడు,
వీపుకి చిరిగిన తెరచాప.
గాలి ఉంటేనే ఎగురుతాడు.
గాలి లేని రోజు మనలాగే సిటీ బస్సెక్కి
కండక్టరుతో చిల్లర కోసం గొడవపడతాడు.
ఏ కథకైనా చివరి గడి ఒకటే:
ఎక్కడో మెట్ల మీద కూర్చుని
చాప ఒళ్లో వేసుకుని
పళ్లతో దారం తెంపుతుంటాడు.
అంతే. మాటల బుడగ ఉండదు.

ఆ గడి చూసే నేను సూది పట్టాను.
ఇంట్లో వేరే కారణం చెప్పాను.

సినిమా అన్నారు. దసరాకన్నారు, ఉగాదికన్నారు.
హీరో మారాడన్నారు.
తుపానుకి సెట్టు కొట్టుకుపోయిందంటే నమ్మాను,
వాడి సినిమాకి కాకపోతే ఇంకెవరి సినిమాకొస్తుంది తుపాను?
పక్క టీకొట్టు ఎల్లాజీ
"అక్కా, ఈపాలి నిజంగానే వచ్చెస్తంది" అంటూ
కొత్త పోస్టరు పడ్డ ప్రతిసారీ పరుగెత్తుకొచ్చేవాడు.
వాడికి నీలం చాప కుట్టిచ్చాను, ఊరికే.
భుజాల దగ్గర రెండు వరసలు వేశాను.

దీపాలు ఆరాయి. వాడొచ్చాడు.
సంచి బోర్లించి అన్నీ ఒక్కసారే ఎగరేశాను.
ప్రొజెక్టరు వెలుగులో
ఎవరెవరి రంగులో తిరుగుతూ దిగాయి.
మొత్తం మూడు గంటల్లో
ఆ కాసేపే బాగుంది.

తర్వాత చూశాను వాడి వీపు.
కుట్టు లేదు.
మెడ దగ్గర లేదు, అంచుకి లేదు.
సముద్రంలో మునిగి లేచినా
ఒక్క నీటిబొట్టు కారదు.
కంప్యూటర్లో నేసిన బట్ట, చిరుగుతానన్న భయం లేని బట్ట.
గాలితో పనే లేదు వాడికిప్పుడు.
డాల్ఫిన్స్ నోస్ కొండని పెకలించి విసిరితే
హాలంతా ఈలలు,
నాకేమో కొండ మీది లైట్‌హౌస్ ఏమైందని బెంగ.
ఆ రాత్రి పడవలు ఏ దారిన రావాలి?

మునుపు దెబ్బ తగిలితే "ఏటి సేత్తాం" అని నవ్వేవాడు.
ఇప్పుడు ఏ ఊరిదో తెలియని గొంతుతో
ప్రపంచాన్ని కాపాడతానంటున్నాడు.

జనం లేచిపోయారు. నేను లేవలేదు,
చివరి గడి వస్తుందని.
పేర్లు కదిలాయి. మంట పుట్టించినవాళ్లు,
పొగ పుట్టించినవాళ్లు, జుట్టుకి గాలి పెట్టినవాళ్లు.
దర్జీ పేరు వెతికాను. ఉందేమో, మరీ వేగంగా పోయాయి.
తెరచాపలో తెర ఒక్కటే మిగిలింది
తెల్లగా.

"ఎవులిసిరేసినారమ్మా ఈ గుడ్డముక్కలు,
సీపురికి సుట్టుకుపోతన్నాయి" అంది ఊడ్చే ఆవిడ.
నేనే అని చెప్పలేదు. ఒంగి ఏరాను.
సగం దొరికాయి.
నావికుడి తెల్లముక్క దొరకలేదు.

బయట ఎండ. ఎల్లాజీకి గొంతు పోయింది.
"ఎలాగుందక్కా?"
వాడి మొహం చూసి బాగుందన్నాను.
పది అడుగులు నడిచాక ఉండబట్టలేక
"మెడ దగ్గర బాగోలేదురా" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
"ఫస్ట్ షోకి మళ్లీ ఎల్తన్నాం" అని వెనక్కి తిరిగాడు.
తోపులాటలో చాప భుజం దగ్గర
జానెడు చిరిగింది,
రెండు వరసలూ.

షాపు తాళం తీయకుండానే మెట్ల మీద కూలబడ్డాను.
సంచిలో సూది ఉంది, నీలం దారం లేదు.
నల్లది ఎక్కించాను.
"కనపడిపోద్దక్కా" అన్నాడు.
కనపడనీ, అన్నాను.