లోపలి స్పాంజి

ఆటోనగర్ మూడో రోడ్డు. లారీ క్యాబిన్లకి సొట్టలు తీసే షెడ్డు.
కెప్టెన్ తోకచుక్క పుట్టింది ఇక్కడే.
నమ్మరు మీరు. పోత పోసింది నేనే.
ఫైబరు గుడ్డ, రెజిను, అచ్చుకి మా ఇంటి బిందె అడుగు,
ముఖానికి అడ్డంగా ఆర్టీసీ బస్సు వెనకద్దం ముక్క.

పదకొండేళ్ళు, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి
బెజవాడ కుళాయిల కింద బిందెలు
చూసే దిక్కు లేక పొర్లిపోయేవి.
ప్రకాశం బ్యారేజీ కింద ఎండిన ఇసుకతిన్నె అంగారకుడు,
ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు పగవాళ్ళ గ్రహం.
రోహిణీ కార్తె ఎండలో ఆ హెల్మెట్టు కింద
కోగంటి రత్నాకరం గారు ఉడికేవారు.
విప్పగానే ముందు మజ్జిగ, తర్వాత బూతు,
ఆ తర్వాతే ఊపిరి.

ఆయన పోయి మొన్నటికి ఏడు నెలలు.

ప్రొడ్యూసరు ఫోన్ చేశాడు.
"కొత్త కుర్రాణ్ణి పంపుతున్నా, నల్లపాడు. తల కొలత తీసుకో."
తల కొలత!
సైకిలు ట్యూబు మార్చమన్నంత తేలిగ్గా.

టీ బంకు సాంబయ్య తేల్చేశాడు,
"తోకచుక్కంటే రత్నాకరమే. ఇంకోడు కడితే టీవీ అమ్మేస్తా."
ఇదే సాంబయ్య, పెదకాకాని తిరనాళ్ళలో
ఒకే రాత్రి ఒకే దేవుడి వేషం ముగ్గురు కడితే
తెల్లారేదాకా చాప దిగలేదు.
ఒకడు పొట్టి, ఒకడికి బాన పొట్ట,
మూడోవాడికి రాగం ఎత్తేసరికే గొంతు బొంగురు.
తెర వెనక కిరీటం తల మారింది,
తెర ముందు దేవుడు మారలేదు.
మూడోవాణ్ణి వన్స్‌మోర్ కూడా అడిగాడు.
గుర్తుచేస్తే బన్ను నములుతూ అటు తిరిగాడు.

సాంబయ్యకి చెప్పినంత సులువుగా నాకు నేను చెప్పుకోలేకపోయా.
లోపలి స్పాంజి పీకడానికి వారం పట్టింది.
పసుప్పచ్చగా, చెమట ఉప్పుతో గట్టిపడి,
కుడి చెవి దగ్గర ఇంకా జర్దా వాసన,
సగం తెలుపు సగం రంగేసిన వెంట్రుక ఒకటి.
నుదురు ఆనే చోట గుంట. పక్కనే ఇంకో గుంట.
ఆ రెండోదాని సంగతి తర్వాత.

కుర్రాడొచ్చాడు. ఇమ్మానుయేలు. గడ్డం కింద మొటిమ.
వంగి దండం పెట్టాడు, నాకు కాదు, హెల్మెట్టుకి.
"ఎడం కాలు కొంచెం ఈడ్చేవారు కదండీ, చివరి మూడేళ్ళూ?
ఆ నడకంటే ప్రాణం నాకు.
బీరువా అద్దం ముందు ఎన్నిసార్లు నడిచానో,
మా అమ్మ నాకు పోలియో అనుకుని ఏడ్చింది."

నా చేతిలో బ్లేడు ఆగింది.

చివరి మూడేళ్ళూ రత్నాకరం గారికి మోకాళ్ళు పనిచెయ్యలా.
దగ్గర షాట్లు కుర్చీలోనే. మిగతాదంతా గొంతు.
దూరంగా ఇసుకలో నడిచింది
(ఎవరికీ చెప్పనని ఆయన ఒట్టేయించుకున్నారు)
చిన్నప్పుడు జాకీ జారి మడమ నలిగిన
షేక్ మస్తాన్‌వలీ.

మా పిల్లలే పట్టలేకపోయారు.
ఆదివారం నా ఒళ్ళోనే కూచుని
నా నడకకి ఈలలేసేవాళ్ళు.
"నాన్నా, నువ్వలా నడవగలవా?" అనేది చిన్నది.

ఇమ్మానుయేలుకి చెప్పలేదు.
కొత్త స్పాంజి కోశా, రెండంగుళాల మందం.
పాతదాంట్లో ఆ రెండు గుంటల ముక్క మాత్రం
అడుగు పొరలో పెట్టి బంక రాశా.
తల దూర్చాడు. అద్దం మీద ఆవిరి
వచ్చింది, పోయింది, వచ్చింది.

"బిగువుగా ఉందండీ."
"ఉండనీ."

రేడియేటర్ల మధ్యనుంచి గోడదాకా నడిచి చూపించాడు.
షెడ్డు కుర్రాళ్ళు సుత్తులు ఆపారు.
తిరిగొచ్చేప్పుడు కాలు మరీ ఎక్కువ ఈడ్చాడు.

"తగ్గించు," అన్నాను,
"అంత నొప్పుండదు."