చెరపొద్దన్న గీతలు

నాలుగున్నరకి లేస్తాం.
చిలోయే దీవిలో జూన్ నెల చీకటి
తారు పూసిన పడవ అడుగులా ఉంటుంది.
నేను ట్రక్కు వేడెక్కించే లోపు
ఎదువీన ఉన్ని శాలువా చుట్టుకుని వచ్చి కూర్చుంటుంది.
ఇవాళ ఎన్నోదని అడగదు.
అడక్కపోయినా చెబుతాను: "తొమ్మిది."
"ఒళ్ళు నాదైతే లెక్క నీకెందుకు?" అంటుంది.

గంటన్నర రోడ్డు, ఆ తర్వాత
జలసంధి దాటడానికి బల్లకట్టు,
అవతలి ఒడ్డున ఇంకో గంట,
ఆసుపత్రి యంత్రం కింద పది నిమిషాలు,
మళ్ళీ అంత దారీ వెనక్కి.

మొదటి రోజు యాస్నా అనే అమ్మాయి
ఆమె ఛాతీ మీద సిరాతో గీతలు గీసింది.
ఒకప్పుడు రొమ్ము ఉన్న చోట అడ్డంగా ఒకటి,
చంక కింద నిలువుగా ఒకటి,
రెండూ కలిసే దగ్గర చిన్న చుక్క.
"స్నానంలో రుద్దొద్దు,
చెరిగితే మళ్ళీ మొదటినుంచి కొలవాలి" అంది.
నలభై ఏళ్ళుగా పడవలు కడుతున్నాను.
కొయ్య మీద గీత చెరిగితే ఏమవుతుందో తెలుసు.
ఆ గదిలో నాకు అర్థమైంది అదొక్కటే.

రాత్రిపూట లేపనం రాయాలి.
నా అరచేతులు ఉప్పు కాగితాలు.
ముట్టగానే ఉలిక్కిపడి
"నన్ను కూడా చిత్రిక పడతావా?" అంది.
చెయ్యి తిరగేశాను.
వేళ్ళ వెనకవైపు, కణుపుకీ కణుపుకీ మధ్య
కాస్త మెత్తదనం మిగిలి ఉందని
అరవై మూడేళ్ళకి కనుక్కున్నాను.
అప్పట్నించీ వెనక చేత్తోనే రాస్తున్నాను,
గీతల జోలికి పోకుండా,
కమిలి ఎర్రబడ్డ అంచుల వెంబడి నెమ్మదిగా.
పక్కటెముకల దగ్గరికి వచ్చేసరికి
ఊపిరి బిగబట్టిన చప్పుడు.
ఇద్దరిలో ఎవరిదో తెలీదు.

పదకొండో రోజు సంగతి దాచాలనే ఉంది.
బల్లకట్టు ఊగి, కాఫీ ఒలికి, ప్యాంటు తడిసి
"నేనూ అలిసిపోయాను, ఎదువీనా" అన్నాను.
ఆమె చాలాసేపు నీళ్ళకేసి చూసింది.
ఒక సముద్ర సింహం తల పైకెత్తి,
మా ఇద్దర్నీ పరకాయించి, మునిగిపోయింది.
"దానికి కూడా మనం నచ్చలేదు" అంది.
ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు.
రాత్రి మాత్రం చొక్కా బొత్తాలు తనే విప్పుకుని
దీపం నా వైపు జరిపింది.

పదహారో రోజు గాలి. రేవు మూసేశారు.
లారీల వరసలో మేమూ.
దిగి వెళ్ళి రేవు గుమాస్తా మీద అరిచాను,
గాలి మీద అరిచాను.
దేవుడి జోలికి పోలేదు,
ఆయనతో ఇంకా పది రోజుల పని ఉంది.
తిరిగొచ్చేసరికి ఆమె సీటు వాల్చుకుని నిద్రపోతోంది,
నోరు కొంచెం తెరుచుకుని,
సగం కొరికిన బంగాళాదుంప రొట్టె ఒళ్ళో పెట్టుకుని.
నెలల తర్వాత మాత్ర వేసుకోని నిద్ర.
అద్దాలు ఉప్పుతో తెల్లబడేదాకా
తలుపు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను.
ఆ రోజుని ఏ లెక్కలోనూ వెయ్యలేదు.

షెడ్డులో ఒనోఫ్రే పడవ తయారవుతోంది.
దాని లోపలి పలక మీద
రోజుకొక పెన్సిల్ గీత పెడుతూ వచ్చాను.
నిన్న సాయంత్రం వాడొచ్చి, వంగి చూసి,
"ఇవేం కొలతలు? రంగు వేసే ముందు రుద్దెయ్" అన్నాడు.
డబ్బులిచ్చేవాడు. ఉప్పు కాగితం అందుకున్నాను.

గుమ్మం దగ్గర, ఎప్పుడు వచ్చిందో, ఎదువీన.
"రుద్దొద్దు" అంది.
"చెరిగితే మళ్ళీ మొదటినుంచి కొలవాలి."
ముఖంలో నవ్వు లేదు.
ఒనోఫ్రే నన్ను చూశాడు, ఆమెని చూశాడు,
టోపీ సర్దుకుని వాతావరణం గురించి ఏదో మాట్లాడాడు.

ఇరవై నాలుగు ఉన్నాయి.
పసుపు రంగు డబ్బా మూత ఇంకా తియ్యలేదు.
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని మర్చిపోయి
అలాగే పక్క మీద వాలాను.
నాలుగున్నరకి లేవాలి.