తూరుపు హద్దు

గుణుపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదర
రేకుల పంచలో నా బల్ల.
ముప్పయ్యొక్క ఏళ్లుగా తెలుగులో బేరం వింటాను,
ఒడియాలో దస్తావేజు రాస్తాను.
మధ్యలో ఎక్కడో
సవర శబర అవుతాడు,
కొండవార చోడిచేను నంబరవుతుంది,
మనిషి వేలిముద్రవుతాడు.

ఇక్కడి పట్టాలో పేరు పక్కన జాతి రాయాలి.
చిన్న గడి. ఇరుకుగా రాస్తే గానీ పట్టదు.
కొండోళ్ల భూమి కొండోళ్లు కానోళ్లు కొనరాదు.
మంచి చట్టం. నాకు కంఠతా వచ్చు.
ఆ కంచె వేసినవాళ్లు మంచివాళ్లే అయుంటారు.
దానికి తలుపు చెక్కినవాణ్ణి నేను.

కూర్మినాయుడు బుగతకి లక్కియా పల్లం కావాల్సొచ్చింది.
మూడేళ్ల అప్పు,
నోటి లెక్క ఒకటి, కాయితం లెక్క ఇంకొకటి.
బుగత కొనరాదు.
బుగత కంబారి కొనొచ్చు.
పశువులశాలలోంచి గురుబారు శబర
పేడచెయ్యి గోచీకి తుడుచుకుంటూ వచ్చాడు.
ఎడం బొటనవేలికి నేనే సిరా పూశాను.
అమ్మినవాడి వేలు, కొన్నవాడి వేలు
రెండూ ఒకలాగే అరిగున్నాయి.
"ఇప్పుడిది నాదేనా బాబూ?" అనడిగాడు.
బుగత నవ్వాడు. నేనూ నవ్వాను.
రాత ఖర్చు కాక నాకో గోనె కందులు.

ఆ తరవాత ఇంకో నాలుగు దస్తావేజులు.
మొత్తం పదకొండెకరాల ఆసామి
దూడల పక్కన గోనెపట్టా మీద
ఒక చలికాలమంతా దగ్గి పోయాడు.
శిస్తు రశీదులు మాత్రం ఏటేటా
అతని పేరనే వస్తున్నాయి,
బుగత బీరువాలోకి.

కూతురు ఎస్తేరు. మా ఆసుపత్రిలో నర్సమ్మ.
నా మనవడికి మొదటి సూది ఆవిడే వేసింది.
వంశధార వైపు కొత్త లేఔట్లో
నాలుగు డెసిమల్ జాగా చూసుకుంది.
బయానా పట్టుకెళ్తే అమ్ముడైపోయిందన్నారు.
పక్కది అడిగితే వాస్తు కుదరదన్నారు, ఆవిడ మేలు కోరి.
మూడోది అసలు ప్లాటే కాదు, దారట.
ఆ దారి మీద ఇప్పుడు మా బావమరిది మేడ లేస్తోంది.
ఆ కాయితమూ నా చేతిదే.

ఆవిడ కొనరాదని ఏ చట్టంలోనూ లేదు.
వెతికాను. నిజంగానే వెతికాను.
రాసుంటే ఎవరో ఒకరు కొట్టేద్దురు.
రాయని మాటని ఏ కోర్టు కొట్టేస్తుంది?

మొన్న బుధవారం వచ్చి నా ముందు కూర్చుంది.
టిఫిను సంచిలోంచి పట్టా నకలు తీసింది,
ఎనిమిదిసార్లు తిరిగితే ఇచ్చారట.
"మా నాన్న పేరు చదవండి."
చదివాను.
"కాస్త గట్టిగా."
పక్క బల్లల వాళ్లు తలలెత్తారు.
"జాతి గడి కూడా."
శబర.
"ఆ మాట చూపించే కదండీ అంత నేల కొన్నారు.
ఆ మాట చూసే కదండీ నాకు జాగా లేదన్నారు."
గొంతు పెంచలేదు.
చెయ్యి వదులుగా పెట్టండి అని
సూదికి ముందు చెప్పే గొంతే అది.

వారసురాలిగా పేరు మార్పుకి అర్జీ రాయమంది.
రాత ఖర్చెంతంది.
నాకు నోరు పెగల్లేదు.
నకలు చూడక్కర్లేకుండానే రాస్తూ పోయాను,
ఆ హద్దులు పెట్టినవాణ్ణి గనక.
ఉత్తరం గెడ్డ. దక్షిణం రైలుకట్ట.
పడమర రాళ్లగుట్ట, చింతచెట్టు లేదిప్పుడు.

బయట మోటారు సైకిలాగింది.
ఆ చప్పుడు ఎరుగుదును, బుగత కొడుకుది.
రేకుల కిందకి వంగి
"ఏటి రాస్తన్నావు మావా?" అన్నాడు.
కలం ఒక్క క్షణం కాయితం మీదే నిలబడిపోయింది,
సిరా చుక్క పెద్దదవుతోంది.
ఎస్తేరు నా చేతికేసే చూస్తోంది,
నరం దొరికిందా లేదా అన్నట్టు.

"తూరుపు హద్దు" అన్నాను,
తలెత్తకుండా.