దారానికి కట్టిన పెన్సిలు

బాలరాట్ తూర్పు వైపు, ప్రాథమిక పాఠశాల.
ఒకటో తరగతి పిల్లల కుర్చీలు గోడవారకి జరిపి
అట్టపెట్టె గూళ్ళు నిలబెట్టాం, మే నెల చలిలో.
గూటికో పెన్సిలు, పెన్సిలుకో తెల్లదారం.
ముడులన్నీ నేనే వేశాను.
పన్నెండేళ్ళుగా ఆస్పత్రిలో కట్లు కట్టే చేతులు,
జారని ముడి వాటికి తెలుసు.

ఎనిమిదికి తలుపు తీశాం.
బయట సాసేజీల పొగ, వేగుతున్న ఉల్లిపాయల వాసన.
వరుసలో మూడోవాడు కీత్ ట్రెంబాత్, డెబ్బై ఒక్కటి,
గొర్రెల ఊలు కత్తిరించి కత్తిరించి వంగిపోయిన నడుము.
జేబులోంచి సొంత పెన్ను తీసి
గుర్తింపు కార్డులా చూపించాడు.
"పెన్సిలైతే రాత్రికి చెరిపేస్తారు మీరు."
"పెన్నుతోనే వేయండి, చట్టం వద్దనదు" అన్నాను.
పోట్లాటకి సిద్ధపడి వచ్చినవాడు
ఎదురుగా ఎవరూ లేక
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

మా భాషలో
ఓటుకీ ఓటమికీ నడుమ ఉన్నది ఒక్క "మి".
అది మింగలేకే కదా ఇంత రభస.
ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి చూసి నవ్వుకున్నాం ఇన్నాళ్ళూ.
మద్దెలనే పగలగొడదామని
జెండాకర్రలతో మెట్లెక్కినవాళ్ళకి
సామెత ఇంకా పుట్టలేదు.

టీ వేళకి నోరీన్ బల్ల మీదికి దేశాలన్నీ వచ్చాయి.
వాషింగ్టన్‌లో అద్దాలు పగిలాయి,
ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి,
ఆపైన ఒక్క సంతకానికి జైలు తలుపులు తెరుచుకున్నాయి.
బ్రెజిల్‌లో, చిందరవందర చేసిన కోర్టే
కుర్చీలు సర్దుకుని విచారణకి కూర్చుంది.
ఇంగ్లండులో జనం తలదాచుకున్న హోటలుకి నిప్పు పెట్టబోతే
కొన్న రొట్టె బూజు పట్టేలోపే తీర్పులు మొదలయ్యాయి.
"త్వరగా వేస్తేనా న్యాయం, నిదానంగా వేస్తేనా?" అంది నోరీన్.
నాకు తెలిసింది పుండు ఒక్కటే.
కడక్కుండా కట్టు కడితే లోపల చీము,
కడుగుతూనే కూర్చుంటే నెత్తురు పోతుంది.
ఇక మానకముందే కట్టు విప్పేస్తే
ఏమవుతుందో చెప్పడానికి
నర్సు అక్కర్లేదు.

పొద్దున వెళుతూ వెళుతూ కీత్ అన్న మాట మాత్రం
టీతో పాటు దిగలేదు.
ఈ బడికి నాలుగు వీధుల అవతల
నూట డెబ్బై ఏళ్ళ కిందట గని కూలీలు
లైసెన్సులు తగలబెట్టి కట్టెల కోట కట్టుకున్నారు.
ఆదివారం, ఇంకా తెల్లవారకుండానే, సైన్యం వచ్చి పడింది.
రాజద్రోహం అంది సర్కారు.
కాదంది జ్యూరీ, ఒక్కొక్కరినీ వదిలేసింది.
చెయ్యి పోగొట్టుకున్న నాయకుడు ఏడాది తిరిగేసరికి చట్టసభలో ఉన్నాడు.
ఇప్పుడక్కడ మ్యూజియం. బస్సుల్లో పిల్లలొస్తారు.
"మా ముత్తాతలు చేస్తే చరిత్ర,
మేం చేస్తే నేరమా?"

జవాబు నాకు మూడింటికి తోచింది,
ఎవరిదో చీటీ మడత విప్పి ఎలా వేయాలో చూపిస్తుంటే:
వాళ్ళ చేతిలో ఓటు లేదు, కీత్.
నీ చేతిలో ఉంది, పెన్నుతో సహా.
అప్పటికి అతను సాసేజీ తిని వెళ్ళిపోయాడు.
అయినా ఆ కోట దగ్గర సిపాయిలూ చచ్చిపోయారు.
వాళ్ళకెవరు కట్టు కట్టారో
మ్యూజియంలో నాకు కనబడలేదు.

ఆరింటికి పెట్టె బోర్లించాం పసిపిల్లల బల్లల మీద.
రెండువందల పైచిలుకు చీటీలు లెక్కపెట్టాక
ఒకటి, నీలం సిరాతో.
అడుగున వంకర అక్షరాలు: "అంతా దొంగ లెక్క."
నోరీన్ దీపం కిందికి జరిగి చూసింది.
ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరుసగా, శుభ్రంగా ఉన్నాయి.
"చెల్లుతుంది" అంది.
తన కట్టలో పెట్టి రబ్బరుబ్యాండు వేశాను.
ఎవరిదో అడక్కండి,
నీలం పెన్నులు ఊరినిండా ఉన్నాయి.

గూళ్ళు మడిచేటప్పుడు ముడులు విప్పాను.
పొద్దున ఎనిమిది కట్టాను, ఇప్పుడు ఏడు.
ఒక దారం చివర పళ్ళతో కొరికినట్టుంది.
నోరీన్ కళ్ళజోడు పెట్టుకుని
పుస్తకంలో రాసింది:
పెన్సిలు, ఒకటి, కనబడలేదు.